కాగితం మీద వంద

డాక్టరమ్మ మా ఆయన కుడిచేతిలో పట్టు కొలిచే పరికరం పెట్టింది. నేను బల్ల మీద కూర్చున్నాను, లేచాను, మళ్లీ కూర్చున్నాను.

పక్షవాతంతో పడిపోయిన ఆ చెయ్యి కత్తెర పట్టగలిగితేనే ఆయన మళ్లీ బట్టలు కుట్టేది. అందుకే రోజూ రబ్బరు బంతిని వందసార్లు నొక్కించి, ఆ లెక్క కాగితం మీద రాయమంది నన్ను డాక్టరమ్మ. పదిసార్లకే ఆయన నుదుటి నిండా చెమటలు పట్టేవి. చూడలేక, "ఇక చాల్లెండి" అని బంతి పక్కన పెట్టేసేదాన్ని. కాగితం మీద మాత్రం వంద అని రాసేదాన్ని. నెలంతా అంతే.

"గట్టిగా నొక్కండి," అంది డాక్టరమ్మ.

చేతులారా ఆయన చెయ్యి పాడుచేశానేమో!

"పోయిన నెల నాలుగు కిలోల పట్టు. ఇవాళ పదకొండు! ఇక మెల్లగా కత్తెర పట్టొచ్చు." డాక్టరమ్మ నా కాగితం ఊపింది. "రోజూ వంద చేయించావు కాబట్టే, తల్లీ."

బయటికి రాగానే నాకు ఏడుపు ఆగలేదు. "ఏమండీ, నేను రాసిందంతా అబద్ధం."

"తెలుసులేవే."

"మరి?"

"నువ్వు వంటింట్లోకి వెళ్లాక, ఆగి ఆగి మిగతా తొంభై చేసేవాణ్ణి. నలుగురిలో నా పెళ్లాం అబద్ధాలకోరు అనిపించుకుంటే నా పరువేం కాను?"