గొట్టంలో గొట్టం

ఆస్కర్ తన తాతలనాటి రైఫిల్ తెచ్చి, తుపాకులు బాగుచేసే ఎమిల్ బల్లమీద పెట్టాడు. ఒక్కొక్క తూటాయే పెట్టి పేల్చుకునే పాత రకం. దానికి సరిపడే లావు తూటాలు ఇప్పుడు ఏ కొట్లోనూ దొరకడం లేదు.

"చిన్న తూటా పేలేట్టు మార్చిపెట్టు ఎమిలన్నా. మా అమ్మాయి పెరట్లో డబ్బాలు కొట్టుకుంటుంది. తొందరేం లేదులే, మంచు కరిగాక ఇచ్చినా చాలు."

ఎమిల్ ఆ మధ్యాహ్నమే పని మొదలుపెట్టాడు.

తమ్ముడు టాయ్వో పోయినప్పటి నుంచీ అతను ఇంతే. పని, నిద్ర, మళ్లీ పని. నవంబరులో జింకల వేట మొదలైన రోజు, పొగమంచులో ఎవరో పేల్చిన తూటా టాయ్వో గుండెల్లో దిగింది. పేల్చినవాడెవడో తెలియలేదు. తమ్ముణ్ణి అడవిలోంచి భుజాన మోసుకొచ్చింది ఎమిలే. పూడ్చిపెట్టిన రోజున అతని కంట చుక్క నీరు రాలేదు. మనిషి మొద్దుబారిపోయాడని ఊరంతా జాలిపడింది.

మర్నాడు టాయ్వో భార్య హెల్మి, ఎప్పట్లాగే బావగారికి కాఫీ తీసుకుని షాపుకొచ్చింది. బల్లమీది రైఫిల్ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇది ఆస్కర్‌ది కదూ బావగారూ?"

"ఊఁ."

"ఆయన ఒంట్లో దొరికిన తూటా ఇలాంటి పాత రైఫిల్‌దేనని షెరీఫ్ చెప్పలా? శుక్రవారం ఊళ్లో ఉన్నవన్నీ పేల్చి చూస్తారట. గొట్టం లోపలి గీతలు తూటామీద పడతాయట. అవి కలిస్తే వాడు దొరికినట్టేనట."

"తెలుసు."

"మరి మీరు చేస్తున్నదేంటి?"

ఎమిల్ ఉన్నదున్నట్టు చెప్పాడు. పాత గొట్టాన్ని లోపల తొలిచేయాలి. అందులో సన్నటి కొత్త గొట్టం దూర్చి అతికించాలి. తూటా నడిమధ్యన కొట్టే సూదిని, అంచుమీద కొట్టేలా జరపాలి.

"అయితే పాత గీతలు?"

"ఉండవు."

హెల్మి కాఫీ బల్లమీద పెట్టేసింది. "శుక్రవారం దాకా ఆగండి. మీ కాళ్లు పట్టుకుంటాను. వాడి మొహం నేనొక్కసారి చూడాలి. మనిషిని అలా వదిలేసి ఎలా పోయావురా అని అడగాలి. అంతే."

"ఇచ్చేస్తానని మాటిచ్చాను హెల్మీ."

"ఎవరికి? తమ్ముణ్ణి చంపినవాడికా? శనివారం శనివారం కలిసి ఆవిరిస్నానాలు చేస్తారని కాపాడుతున్నారా? మీది గుండేనా, బండరాయా?"

ఎమిల్ లేత్ మిషన్ తిప్పాడు. ఇనుపరజను సన్నగా రాలింది. ఆ చప్పుడులోనూ ఆమె ఏడుపు అతనికి వినబడుతూనే ఉంది. అయినా ఏమీ అనిపించలేదు. కాఫీ చల్లారిపోయింది.

శుక్రవారం షెరీఫ్ వచ్చాడు. హెల్మి పట్టుబట్టి ఆస్కర్‌ని కూడా వెంటబెట్టుకొచ్చింది. షెరీఫ్ గొట్టంలోకి టార్చి వేసి చూశాడు. లోపల కొత్త ఉక్కు మెరిసింది.

"ఇక దీన్ని పేల్చి లాభం లేదమ్మా" అని రైఫిల్ బల్లమీద పెట్టేశాడు.

హెల్మి ఆస్కర్ చొక్కా పట్టుకుంది. "చెప్పు! ఆ రోజు పొద్దున ఈ రైఫిల్ పట్టుకుని ఎక్కడ తిరుగుతున్నావు?"

ఆస్కర్ బిత్తరపోయాడు.

"అప్పుడిది నా దగ్గరెక్కడుందమ్మా, పిడి విరిగితే బాగుచేయమని అక్టోబరులోనే ఎమిలన్నకిచ్చాను, క్రిస్మస్‌కి గానీ తిరిగివ్వలేదుగా!"