గూట్లో మిణుగురు

తుమ్మకొమ్మకు వేలాడే గూట్లో ఓ గిజిగాడి పెళ్లాం రెండు పిల్లలతో ఉండేది. మొగుడు పక్క కొమ్మన వేరే కాపురం పెట్టాడు. చీకటిపడితే గూడు బావురుమంటోందని, ఓ మిణుగురును బతిమాలి తెచ్చి గూటి లోగోడకు అంటించిన మట్టిముద్దపై కూర్చోబెట్టుకుంది. ఇక తెల్లవార్లూ కబుర్లే. పిల్లలు ఆ వెలుగునే గుడ్లప్పగించి చూసేవి.

పొద్దున ఎగరడం నేర్పబోతే అవి ఆవులిస్తూ కూలబడ్డాయి.

"ఏం జబ్బో" అంది తల్లి.

"జబ్బు కాదక్కా, నిద్ర చాలక. నేనుంటే అవి పడుకోవు" అంది మిణుగురు.

"నువ్వెళ్తే నాకెవరున్నారు?"

తల్లి పిల్లల వాలిన రెక్కలు చూసింది. ఆ సాయంత్రం తనే మిణుగురును వాకిటిదాకా సాగనంపింది.

చీకటిపడగానే పిల్లలు నిద్రపోయాయి. దూరాన చెరుకుతోటలో ఒక వెలుగు మినుకుమంది. తన నేస్తమేనేమో. పిలవబోయి, పిల్లలు లేస్తాయని ఊరుకుంది.