మూడు రంగుల సైన్యం

"కనీసం మూడు రంగులైనా లేని బొమ్మ ఇవాళ బల్లెక్కదు అల్లుడుగారూ. అదీ ఎవరి చేత్తో వాళ్ళు వేసుకున్న రంగై ఉండాలి. ముందు ఆటల్లో చూసీ చూడనట్టు పోనిచ్చాం. ఫైనల్ కదా, నలుగురూ చూడ్డానికొస్తారు," అని మామగారు ఫోన్ పెట్టేశారు.

పళ్ళ డాక్టరు ఫోన్ కేసి ఒకసారి, బల్ల మీదున్న తన సైన్యం కేసి ఒకసారి చూశాడు. ట్రే నిండా బొటనవేలెడు పొట్టి రాక్షసులు, ఈటెలు పట్టుకుని, డబ్బాలోంచి తీసినప్పటి బూడిద రంగులోనే నిలబడి ఉన్నారు. క్లబ్బులో బల్ల మీద బొమ్మల సైన్యాలతో ఆడే ఈ యుద్ధాల ఆట మొదలుపెట్టాక అతను ఫైనల్ ముఖం చూడటం ఇదే మొదటిసారి. ఎదుట కూర్చోబోయేది సాక్షాత్తూ పిల్లనిచ్చిన మామ. ఆట సాయంత్రం. అప్పటికి రంగు పడకపోతే ఆడకుండానే ఓడిపోయినట్టు.

"రోజూ మనుషుల నోట్లో అంత సన్నపని చేస్తారు. దీనికెందుకండీ అంత కంగారు?" అంది భార్య.

"పంటికి కళ్ళూ ముక్కూ ఉండవు కదా," అన్నాడు డాక్టరు నీరసంగా.

మొదటి రాక్షసుడికి కన్ను పెట్టబోతే చెయ్యి వణికి సగం ముఖం తెల్లబడింది. రెండోవాడికి అడక్కుండానే మీసం మొలిచింది. తొందరలో కుంచె కాఫీలో ముంచాడు, కాసేపటికి కుంచె కడిగిన నీళ్ళు తాగబోయాడు. మూడోవాడు చేతిలోంచి జారి మంచం కిందికి దొర్లిపోయేసరికి డాక్టరుకి నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"జరగండి," అని భార్య కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎవరి చేత్తో వాళ్ళే వెయ్యాలన్నారు మీ నాన్న."

"ఆయన ఇక్కడికొచ్చి చూస్తున్నారా ఏంటి? ముందు వీళ్ళందరికీ నల్ల స్ప్రే కొట్టుకురండి. ఒక్కొక్కణ్ణీ పెళ్ళికొడుకులా ముస్తాబు చేస్తూ కూర్చుంటే వారం పడుతుంది. అందరికీ ఒకేసారి ఒళ్ళు, తర్వాత అందరికీ బట్టలు, ఆ తర్వాత ఈటెలు. చేతి దూరం నుంచి చూస్తే బాగుంటే చాలు."

ఆమె చెయ్యి చకచకా కదిలింది. ఒళ్ళు ఆకుపచ్చ, చొక్కాలు గోధుమ, ఈటెలు వెండి. నీళ్ళలా పల్చగా కలిపిన నల్లరంగు పైనుంచి పూస్తే అది మడతల్లోకి జారి ఎక్కడి నీడలు అక్కడ పడ్డాయి. కుంచెకున్న తెల్లరంగు దాదాపు అంతా గుడ్డకి తుడిచేసి, ఆ పొడి కుంచెతో పైపైన రుద్దితే ముక్కులూ చెవులూ ఈటెల అంచులూ తేలాయి. స్ప్రే కొట్టాక డాక్టరుకి దక్కిన పని హెయిర్ డ్రయ్యర్ పట్టుకుని ఆరబెట్టడం ఒక్కటే. భయపడుతూనే అది మాత్రం బాగా చేశాడు.

సాయంత్రం క్లబ్బులో బల్ల చుట్టూ జనం మూగారు. అటువైపు మామగారి అస్థిపంజరాల దండు నిగనిగలాడుతోంది. ఏటా బాగా రంగులేసినవాళ్ళకిచ్చే కప్పు ఆయనదే. రిటైరైనా సర్వేయరు బుద్ధి ఎక్కడికి పోతుంది? నడుముకి టేపు, జేబులో భూతద్దం. అల్లుడి రాక్షసుణ్ణి ఒకణ్ణి తీసి అద్దంలోంచి తిప్పి తిప్పి చూశారు.

"బాగుంది. చాలా బాగుంది. మీరే వేశారా?"

"నేనే మామగారూ."

"ఈ ఈటె అంచున తెలుపు ఎలా తెచ్చారు?"

"అంటే, తెల్లరంగుతోనే."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు.

"ముందు కళ్ళు పెట్టారా, ఒంటికి రంగేశారా?"

డాక్టరు భార్య కేసి చూశాడు. ఆమె జనం వెనక ఎక్కడో ఉండిపోయింది. కుర్చీలో నోరు తెరుచుకుని పడుకుని, అడిగినదానికి జవాబు చెప్పలేక గుడ్లు తిప్పే తన పేషెంట్ల బాధ అతనికి ఇవాళ తెలిసొచ్చింది.

"ఇదిగో బ్రష్షు, ఇదిగో రంగు. వీడి కన్ను ఒకటి మళ్ళీ దిద్ది చూపించండి," అన్నారు మామగారు.

డాక్టరు కుంచె అందుకున్నాడు. దాని మొన గాల్లోనే గజగజలాడింది. అందరూ తన వేళ్ళనే చూస్తున్నారు. కుంచె కింద పెట్టేశాడు.

"నా వల్ల కాదు మామగారూ. మీ అమ్మాయి వేసింది."

"నాకు తెలుసు. అల్లుడని మొహమాటపడి వదిలేస్తే రేపు నలుగురూ నన్నే అంటారు. రూలు రూలే. సొంత చేత్తో రంగెయ్యని సైన్యం బల్ల దిగాల్సిందే."

ఆయన మాటకి అక్కడ ఎదురే లేదు. డాక్టరు తల వంచుకుని రాక్షసుల్ని ఒక్కొక్కణ్ణీ తీసి ట్రేలో పడుకోబెట్టడం మొదలుపెట్టాడు. ఒక్క ఎత్తు కూడా వెయ్యకుండా ఇంటికి పోవడమంత సిగ్గు ఇంకోటి లేదనిపించింది అతనికి.

భార్య జనాన్ని తప్పించుకుని ముందుకొచ్చింది. సాయం చెయ్యడానికి వచ్చిందనుకుని డాక్టరు పక్కకి జరిగాడు. ఆమె అతన్ని దాటుకుని అటువైపు వెళ్ళి, అస్థిపంజరాల పెట్టె మూత తీసి, వాటిని ఒక్కొక్కటే అందులో సర్దసాగింది.

"అమ్మాయ్, ఏంటది? అవి నావి," అన్నారు మామగారు.

"బొమ్మలు మీవే నాన్నా. రంగులు నేనేగా వేసింది."