ఎరుపు మీద ఎరుపు

"నీది ఏ మతమమ్మా?" కుర్చీలో కూర్చోకముందే అడిగాడు పెద్దాయన.

"నాకే మతమూ లేదండీ. మూఢభక్తి మెదడులో ఎక్కడుంటుందో వెతకడమే నా పని," అంది డాక్టరమ్మ.

ఆయన మొహం మాడ్చుకున్నాడు. వేరే మతం పిల్లను చేసుకున్నాడని కన్నకొడుకునే గడప తొక్కనివ్వని మనిషి మరి.

బొమ్మల కార్డులిచ్చి జత చేయమంది. దేన్నిబట్టి చేయాలో చెప్పదు, పక్కనున్న కంప్యూటర్ చూసి తప్పో ఒప్పో మాత్రమే చెబుతుంది. ఆయన రంగును బట్టి జత చేశాడు. ఒప్పు. అంతలో కంప్యూటర్ చడీచప్పుడు లేకుండా రూలును ఆకారానికి మార్చేసింది.

ఆయన మళ్లీ ఎరుపు మీద ఎరుపే పెట్టాడు.

"తప్పు."

"దేవుడు పరీక్షిస్తున్నాడు," అంటూ ఇంకో ఎరుపు పెట్టాడు.

"తప్పు. చూశారా, ఈ మెదడు ఇక మారదు," అంది డాక్టరమ్మ సంబరంగా, పక్కనున్న ఆయన భార్యతో. "ఇదీ తప్పే. ఇదీనూ."

పెద్దావిడ కంప్యూటర్ వైపు వంగి చూసింది. "రూలు మళ్లీ రంగుకే వచ్చేసిందిగా తల్లీ? ఇందాకట్నించీ ఆయనవి ఒప్పులనే చూపిస్తోంది."

డాక్టరమ్మ అటు తల కూడా తిప్పలేదు. "కంప్యూటర్ పొరబడి ఉంటుందండీ. ఆయన్ని చూస్తుంటే తెలియడం లేదూ?"

పెద్దాయన మొహం మొదటిసారి విప్పారింది.

"మతం లేదంటావేంటమ్మా? నీది అచ్చం మా మతమే!"