గోడౌను మలుపు

పాప చేతి మీద వేళ్ళ గుర్తులు ఎర్రగా తేలి ఉన్నాయి.

తల్లి ఆ చెయ్యి వెలుగులోకి తిప్పి చూసింది. పొద్దున బడికి పంపినప్పుడు అవి లేవు.

"ఎవరే ఇలా పట్టుకుంది?"

"అరుపుల తాత. తాడు వదిలేశానని."

ఆ వీధుల్లో పెద్ద బండ్లు తిరుగుతాయి. అందుకని ఇరుగుపొరుగు వాళ్ళు కొందరు కూడబలుక్కుని రోజూ పిల్లల్ని బడికి నడిపిస్తారు. పొడవాటి తాడుకి ముళ్ళు వేసి ఉంటాయి. ముడికొకరు చొప్పున పిల్లలు పట్టుకుంటారు. జీతమిచ్చే వాళ్ళు లేరు, అడిగిన వాళ్ళూ లేరు. వానొచ్చినా సరే, గొడుగులేసుకుని మరీ తాడు గుమ్మం ముందుకి వస్తుంది.

ఆ తాడు వచ్చాకే తల్లికి కాస్త ఊపిరాడింది. అంతకుముందు పాప బడికి చేరేదాకా పొయ్యి మీద పాలు పొంగిపోయినా కనబడేది కాదు.

"దీనికి తుమ్మొస్తే నీకు అంబులెన్సు కూత వినిపిస్తుంది" అనేవాడు భర్త.

ఇప్పుడు మళ్ళీ అదే భయం. గోడౌను మలుపులో విజిల్‌తో నిలబడి పిల్లల్ని దాటించే ఆ మనిషంటే ఆమెకి మొదట్నుంచీ బెదురే. నవ్వడు. పలకరిస్తే పలకడు. పిల్లల్ని గుచ్చి గుచ్చి చూస్తాడు. నా అన్నవాళ్ళెవరూ లేరట. ఇవాళ చెయ్యి. రేపు?

రేపు అనుకోగానే చెప్పులేసుకుని బయల్దేరింది.

తాడు మొదలుపెట్టిన అక్క వీధి చివరింట్లో బట్టలు కుడుతుంది. ఆమె కొడుకు ఆ మలుపులోనే లారీ కింద పడి చనిపోయాడని అందరికీ తెలుసు.

"ఆయన్ని తీసెయ్యండక్కా."

"ఊరికే లాగడమ్మా. ఏదో బండి మీదికొచ్చుంటుంది."

"బిడ్డను పోగొట్టుకున్నవారు. నా భయం మీకు నేను చెప్పాలా?"

కుట్టు మిషను ఆగింది.

అక్క దారం తెంపి అంది: "సరే. కానీ మన పద్ధతి తెలుసుగా. ఒకళ్ళని వద్దన్నవాళ్ళే ఆ చోటు నింపాలి."

"నింపుతాను."

మర్నాడు మలుపులో అతను ఎందుకని అడగలేదు. మెడలోని విజిల్ తీసి, చొక్కా అంచుతో తుడిచి ఆమెకిచ్చాడు.

"గేటుకి ఈ పక్కన నిలబడండమ్మా. ఆ పక్కనైతే లారీవాడికి కనబడరు."

"తెలుసులెండి" అంది, తెలియకపోయినా.

పిల్లల వంక ఒక్కసారి చూసి, తలవంచుకుని వెళ్ళిపోయాడు. పీడ విరగడైందనుకుంది.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. బాగానే అంటే, పిల్లలు బాగానే ఉన్నారు. ఆమెకి మాత్రం మలుపులో నిలబడ్డంతసేపూ విజిల్ పెదాల మీంచి దిగేది కాదు. వచ్చే ప్రతి బండీ తన పాప కోసమే వస్తున్నట్టుండేది.

ఒక ఉదయం గోడౌను గేటులోంచి లారీ వెనక్కి వస్తోంది. విజిల్ వేసింది. తాడు ఆగింది.

పాప నీళ్ళ సీసా జారి రోడ్డు మీద దొర్లింది. పాప ముడి వదిలేసి దాని వెంట పరుగెత్తింది.

లారీ ఆగలేదు. పాప సీసా కోసం వంగింది.

తర్వాత ఏం చేసిందో తల్లికే తెలియదు. చేతికందిన చెయ్యి పట్టి, భుజం ఊడొస్తుందేమో అన్నట్టు లాగి, వీధి దద్దరిల్లేలా అరిచింది.

చక్రం సీసా మీదికెక్కి దిగింది.

పాప వెక్కుతూ చెయ్యి చూపించింది. "నీకంటే అరుపుల తాతే నయం. ఆయన ఇంత గట్టిగా పట్టుకోలేదు."

పిల్లల్ని బడిలో దిగబెట్టాక, బడి గేటు బయట తాడు చుట్టుకుంటున్న అక్క దగ్గరికి వచ్చింది.

"ఆయన్ని పిలిపించండక్కా. కాదు, నేనే వెళ్ళి అడుగుతాను. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

"గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడమ్మా. ఎక్కడికంటే చెప్పలేదు."

"నా మీద కోపంతోనా?"

"కోపమెక్కడిది. ఆ తల్లి భయపడటం న్యాయమే అన్నాడు. తన చేతుల్ని తనే నమ్మని మనిషి."

"అదేం మాట? అసలు ఎవరక్కా ఆయన?"

"మా వాడి మీదికెక్కిన లారీ నడిపింది ఆయనే" అంది అక్క, ఆఖరి ముడిని చుట్టలోకి తోస్తూ, "రోజూ మా గుమ్మం ముందు తలవంచుకుని నిలబడుతుంటే చూడలేక, వెళ్ళి ఆ మలుపులో నిలబడమన్నది నేనే."