సీటు కింది పగులు

పరామర్శకొచ్చేటోళ్లతోని తిప్పలేందంటే, చాయ్ తాగందే కుర్చీ వదలరు. నాంపల్లిల సదాశివ ఇంట్ల పొద్దుగాల్నుంచి పాల ప్యాకెట్లు తెస్తనే ఉన్నరు. ఇంట్ల ఎవలూ సచ్చిపోలేదు. బిడ్డ అక్షిత సైకిల్ పోటీల ఓడిపోయింది, అంతే.

అంతే అంటే అంతే కాదు. చిన్నప్పట్నుంచి రోడ్డు మీద, ట్రాక్ మీద తొక్కితే వచ్చిన పతకాలు షోకేసుల, వాడని టీసెట్టు ఎనుక ఉన్నయి. నిన్నటి ట్రయల్స్ గెలిస్తే ఇండియా క్యాంపు. లేకుంటే ఆట బందు. తీరా ట్రాక్ మీదికి దిగేముందు సీటు కింద ఫ్రేముకు పగులుందని సైకిల్ ఆపేసిన్రు. ఎవరిదో అడుక్కొని తొక్కింది. ఆఖరున వచ్చింది. గెలిచింది కింది ఫ్లాటు ఎర్నెస్ట్ బిడ్డ స్టెఫీ.

ఇగ చుట్టాలకు పండుగే. ఒకాయన దిష్టి అన్నడు. ఒకామె, పోనీలే, ఆబిడ్స్‌ల బ్యాంకు కోచింగుంది, ఫ్యాను కింద కూసొని చదువుకోవచ్చన్నది. సదాశివ బామ్మర్ది రత్నాకర్ పగులు పక్కన డ్రిల్లు గుర్తు చూసి, ఇది ఎవలో కావాలని చేసిన పనే అని తేల్చిండు. రెండు సైకిళ్లు సెల్లార్ల ఒక్కతాననే ఉంటయి గద, స్టెఫీ గాక ఎవరు ముట్టుకుంటరన్నడు. సదాశివ తలకాయ ఊపిండు. పొద్దుగాల్నుంచి ఆయన అందరికీ ఊపుతనే ఉన్నడు.

అప్పుడే ఎర్నెస్ట్ బిడ్డను తోల్కొని వచ్చిండు. సదాశివ భార్య ప్రభావతి వాళ్లకు చాయ్ పొయ్యలే. ఎర్నెస్ట్ కండ్లు మూసి ప్రార్థన చేసిండు. కండ్లు తెరిచేసరికి చుట్టాల కుర్చీలన్నీ వెనక్కి జరిగి ఉన్నయి.

"అక్షూ, నా సైకిల్ తీస్కో," అన్నది స్టెఫీ. "మళ్లొకసారి ట్రయల్ పెట్టమని కోచ్ సార్‌ను అడుగుదాం."

"నీ సైకిల్ నాకెందుకే? నాది పలగ్గొట్టిన చెయ్యి చూపెట్టు, చాలు."

స్టెఫీ ఏడ్చుకుంట దిగిపోయింది. ఎర్నెస్ట్ ఎనుకనే పోయిండు. అక్షిత కోచ్‌కు ఫోన్ కలిపి, అంతా చెప్పింది. సాక్షి ఉంటే క్యాంపు లిస్టుల స్టెఫీ పేరు ఇయ్యాల్లనే కొట్టేస్తమన్నడు సారు. ఆమె ఫోన్ తెచ్చి తండ్రి చేతుల పెట్టింది.

"స్టెఫీనే చేసిందని చెప్పు డాడీ. ఈ ఇంట్ల నా సైకిల్ గురించి ఫికర్ పడ్డది నువ్వొక్కనివే."

ట్రాక్ సైకిల్‌కు బ్రేకులే ఉండవని ఎరుక లేక, బిడ్డ ఏడ పడుతదోనని ఆ ఫికర్‌తోనే మొన్న చప్పుడు గాకుండ దాన్ని గౌలిగూడ సైకిల్ షాపుకు తీస్కపోయి, బ్రేకులు బిగిద్దామని డ్రిల్లు పెట్టిచ్చి, అవి కూసోక వాపసు తెచ్చింది తనేనని సదాశివ ఆ ఫోన్ల ఎట్ల చెప్పాలె, మీకేమన్న తోస్తే జర చెప్పుండ్రి.