తాత ఎత్తు

“ఒరేయ్, ఎవడైనా పొరపాటున ఎగిరాడో, కాళ్లు విరగ్గొడతా!” బట్టలు మార్చుకునే గదిలో గొంతు తగ్గించి మరీ బెదిరించాడు స్ప్రింగు.

వాలీబాల్ జట్టులో అందరికంటే ఎత్తుకి ఎగిరేవాడే ఆ మాట అనేసరికి మిగతా నలుగురూ నోళ్లు వెళ్లబెట్టారు.

“ఎగురుడు పరీక్షలో ఎగరక ఈదమంటావా?” అన్నాడు నిచ్చెన. వాడి పొడుగుని చూసి పెట్టిన పేరది.

“బుర్ర వాడరా! అందరికంటే తక్కువ ఎగిరినవాణ్ణి జట్టులోంచి తీసేస్తారు. ఎవడు వాడు?”

అందరి చూపులూ కిటికీలోంచి బయటికి పోయాయి. అక్కడ కెప్టెన్ ఒక్కడే నెట్ బిగిస్తున్నాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి. ఈ ఆటలో అది ముత్తాత వయసే గాని, మర్యాదకొద్దీ తాతతో సరిపెట్టారు. వీళ్లందరికీ బంతి కొట్టడం నేర్పింది ఆయనే.

“పైగా ఈ రూలు పెట్టించిందీ తాతేరా. తన గొయ్యి తనే తవ్వుకున్నాడు, అమాయకుడు!” అన్నాడు స్ప్రింగు.

“పోయినేడు తనే మానేస్తానన్నాడుగా?”

“ఊరికే అన్నాడు, మనం బతిమాలాలని. మనం కాళ్లు పట్టుకోగానే కరిగిపోలేదూ? తాత లేకపోతే మనది జట్టు కాదురా, జుట్టు. ఎవడి చేతికందితే వాడు పీకేస్తాడు.”

“అయితే ఏం చేద్దాం?”

“ముందు కెప్టెన్ ఎగురుతాడు. ఆయన ఎంత ఎగిరితే మనం దానికి వేలెడు కింద. ఐదుగురం ఒకే ఎత్తు. ఐదుగుర్నీ తీసేసి కోచ్ సారు ఎవరితో ఆడిస్తాడు, బంతితోనా?”

జిమ్‌లో గోడకి నల్లబోర్డు వేలాడుతోంది. వేళ్లకి సుద్దపొడి పూసుకుని, నిలబడి చెయ్యి చాపి ఒక గుర్తు. ఉన్నచోటునుంచే ఎగిరి ఇంకో గుర్తు. రెంటికీ మధ్య ఉన్న దూరమే కాళ్లలోని సత్తువ. నిచ్చెనకి లాభం లేదు, పొట్టివాడికి నష్టం లేదు.

“సార్, నా మొహం చూసి రూలు మార్చకండి. రూలంటే రూలే,” అన్నాడు తాత కోచ్‌తో.

మోకాళ్లు వంచాడు. చేతులు ఊపాడు. ఊపిరి బిగబట్టాడు. ఎగిరాడు.

రెండు గుర్తుల మధ్యా బెత్తెడు.

కుర్రాళ్ల గుండెలు జారిపోయాయి. బెత్తెడు కిందికి దూరాలంటే ఎగరడం కాదు, పాకాలి!

అయినా ఇచ్చిన మాట ఇచ్చిన మాటే. స్ప్రింగు చెయ్యి చాపి, మడమలు మాత్రం కాస్త లేపి దిగాడు. “నిన్న నిద్ర లేద్సార్.” తర్వాత నిచ్చెన. “కొత్త బూట్లు సార్, నేలని వదలనంటున్నాయి.” మూడోవాడు పొట్ట పట్టుకున్నాడు. “భోజనం కిందికి లాగుతోంది సార్.” నాలుగోవాడికీ ఐదోవాడికీ సాకు కూడా దొరకలేదు. ఊరికే నవ్వారు.

“ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట!” అని కోచ్ కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. ఆ రోజు అక్కడ అంత ఎత్తుకి ఎగిరింది ఆయనొక్కడే. “మీరు కప్పు గెలుస్తారట్రా? అటకమీది కాఫీ కప్పు కూడా అందదు మీకు!”

తాత అడ్డుపడ్డాడు. “సార్, పిల్లలకి ఇంకొక్క అవకాశం ఇవ్వండి. ఒరేయ్ స్ప్రింగూ, నిన్న నెట్ మీద నడుం దాకా కనిపించావు కదరా! ఎగరరా నాయనా, నీకు పుణ్యముంటుంది!”

తన మెడమీద కత్తి వేలాడుతున్నా పిల్లల కోసం బతిమాలుతున్న కెప్టెన్‌ని చూసి నిచ్చెన కళ్లు చెమర్చాయి. సుద్ద చేత్తో తుడుచుకున్నాడేమో, ధారలు కట్టాయి.

రెండోసారీ అంతే. ఎగిరెగిరి దంచినా అంతే కూలి, ఎగరక దంచినా అంతే కూలి అన్న సామెతని ఐదుగురూ కాళ్లతో నిరూపించారు.

కోచ్ టేపు పెట్టి కొలిచాడు. తల పట్టుకున్నాడు.

“అట్టడుగువాణ్ణి తీసేద్దామంటే అడుగున సంతే ఉంది! అందరికంటే పైన కెప్టెన్. పొండి, ఈ ఏడూ ఇదే జట్టు, ఆయనే కెప్టెన్. ఆయన్ని చూసైనా సిగ్గు తెచ్చుకోండి!”

“సార్, ఇంకొక్కసారి...” అన్నాడు తాత.

మాట పూర్తవలేదు. కుర్రాళ్లు ఆయన్ని అమాంతం భుజాలకెత్తుకున్నారు. ఇప్పుడు మాత్రం అందరూ భేషుగ్గా ఎగురుతున్నారు. పైన తాత రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

“ఆనందంరా, పాపం!” అన్నాడు స్ప్రింగు.

సాయంత్రం తాత ఇంటికి చేరేసరికి భార్య తలుపు తీసి, ఆయన మొహంలోకి చూసింది.

“ఏమైందండీ?”

“ఫస్టొచ్చాను.”

ఆవిడ వేడినీళ్ల సంచీ తెచ్చి ఆయన మోకాళ్లమీద పెట్టింది. తాత దాన్ని రెండు చేతులతో అదుముకున్నాడు.

“ఫెయిలవ్వడం కూడా చేతకాలేదే నాకు!”